పాత చీటీ మీది మాత్ర

"మూడున్నరకి బయల్దేరానన్నావు. ఐదూ ఇరవైకి తిరిగొచ్చానన్నావు. రైల్వే స్టేషన్‌లో ఒక పార్శిల్ ఇవ్వడానికి గంటా యాభై నిమిషాలా?" అని అడిగాను.

మున్వర్ శికల్గార్ నా వైపు చూడలేదు. తండ్రి పోయి ఎనిమిది రోజులైంది, గడ్డం మాసి ఉంది, కళ్లు గుంటలు పడ్డాయి. అయినా చొక్కా జేబులో రసీదు మాత్రం మడత నలగకుండా దాచుకున్నాడు. తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద టైము మూడూ యాభై రెండు.

"పార్శిల్ మూడూ యాభై రెండుకే తీసుకున్నారు. అక్కణ్ణుంచి ఇక్కడికి కుంటుకుంటూ నడిచినా పావుగంట. మిగతా సేపు ఏం చేశావు?"

"చాయ్ తాగాను తాయీ. దోస్తులు కలిశారు."

"పేర్లు?"

గుర్తులేదన్నాడు. దోస్తుల పేర్లు గుర్తులేని మనిషిని నేను మొదటిసారి చూస్తున్నాను. కాగితం మీద రాసుకున్నాను.

నా పేరు వత్సలా పాటోళే. ఇరవై ఆరేళ్లు గుండె జబ్బుల వార్డులో నర్సుగా చాకిరీ చేసి, రిటైరయ్యాక వకీళ్లకు నిజాలు వెతికిపెట్టే పనిలో పడ్డాను. మహారాష్ట్రలోని ఈ మిరజ్ ఊళ్లో నాకు డిటెక్టివ్ అని బోర్డు లేదు, అవసరమైనవాళ్లు తాయీ, అంటే అక్కా, అని పిలుస్తూ ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. ఈసారి వచ్చింది జైబున్ అనే అమ్మాయి.

పోయిన మంగళవారం సాయంత్రం, మేమిప్పుడు నిలబడ్డ ఈ పనిగదిలోనే, సితార్‌లు చేసే గులాబ్ ఉస్తాద్, ఈ మున్వర్ తండ్రి, తల వెనక ఇనుప సుత్తి దెబ్బతో చచ్చిపడి కనిపించాడు. పక్కన ఆయన తమ్ముడి కొడుకు యూనుస్ చొక్కా నిండా రక్తంతో కూర్చుని ఉన్నాడు. యూనుస్‌కు పదకొండేళ్లుగా మనసు జబ్బు, లేని గొంతులు వినిపించే రకం. ఆరు వారాల క్రితం అతను వేసుకునే మాత్ర గుండెకు పడటం లేదని తేలింది. డాక్టర్లు దాన్ని తగ్గిస్తూ, కొత్త మాత్రను పెంచుతూ వచ్చారు. పోలీసులకు ఇంతకంటే ఏం కావాలి? మందు మారింది, పిచ్చి తిరగబెట్టింది, పెదనాన్నను చంపాడు. అంతటితో కేసు మూటగట్టేశారు. ఆ క్షణం నుంచీ యూనుస్ పెదవి విప్పలేదు. విప్పకపోతే ఇక జీవితమంతా ఇనుప చువ్వల వెనకే. జైబున్ అతని అక్క.

"ఆ రోజు యూనుస్ ఎలా ఉన్నాడు?" అని మున్వర్‌ను అడిగాను.

మధ్యాహ్నం నుంచే గోడతో పోట్లాట పెట్టుకున్నాడట. ఆకురాళ్లు, ఉలులు విసిరికొట్టాడట. తండ్రి సముదాయిస్తుంటే చూడలేక తను పార్శిల్ పట్టుకుని బయటపడ్డాడట. చెప్పి చెప్పి అరిగిపోయిన పాఠంలా ఎక్కడా తడబడకుండా చెప్పాడు. 

"తప్పు మాదే తాయీ. గుండె డాక్టర్ దగ్గరికి నా వ్యాన్‌లోనే తీసుకెళ్లా. జైబున్ ఏడుస్తుంటే ఆయన చెప్పిందంతా విన్నది నేనే. ఐదువందల పది వచ్చిందన్నాడు. ఈ మాత్ర మానకపోతే ఒకరోజు నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోతాడన్నాడు. ఆ రోజు మేం వినకుండా ఉండుంటే మా అబ్బా బతికుండేవాడు."

ఐదువందల పది అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఒక్కో దెబ్బ కొట్టాక గుండె తేరుకోవడానికి పట్టే సమయాన్ని ఈసీజీ కాగితం మీద మిల్లీసెకన్లలో కొలుస్తారు. మగవాళ్లకు నాలుగువందల యాభై లోపు ఉండాలి. ఐదువందలు దాటిందంటే గుండె ఏ క్షణమైనా గాడి తప్పవచ్చు. మనసు జబ్బుకిచ్చే కొన్ని మాత్రలు ఆ సమయాన్ని సాగదీస్తాయి. అంకెతో సహా గుర్తుపెట్టుకున్నందుకు ఆ క్షణంలో మున్వర్ మీద నాకు కొంచెం గౌరవం కూడా కలిగింది. నా తెలివి అంతవరకే పనిచేసింది.

బల్ల మీద ఒక కొత్త సితార్ ఉంది. పోలీసులు సుత్తి పట్టుకుపోయారు గానీ దాన్ని ముట్టుకోలేదు. వంగి, తీగల కిందుండే ఎముక బిళ్లను కళ్లజోడు సవరించుకుని చూశాను. దాన్ని ఆకురాయితో వెంట్రుకవాసి లెక్కన అరగదీస్తేనే తీగ దాన్ని ఒరుసుకుంటూ తేనెటీగలా పాడుతుంది. ఆ పనినే జవారీ అంటారు. ఒక్క గీటు ఎక్కువ పడితే బిళ్ల పారేయాల్సిందే. మా ఊళ్లో పుట్టినవాళ్లకు సితార్ వాయించడం రాకపోయినా జవారీ మంచిదో కాదో చెవికి తెలుస్తుంది. తీగ మీటాను. గదంతా నిండింది.

"ఇది ఎవరు తీశారు?"

"అబ్బానే."

"మీ అబ్బాకి రెండు కళ్లలోనూ శుక్లాలు. నిరుటి నుంచీ ఆకురాయి పట్టలేదని ఈ గల్లీలో ఎవర్నడిగినా చెబుతారు."

మున్వర్ పెదాలు తడుపుకున్నాడు. "అయితే నేనే. సోమవారం తీశా."

"సోమవారమా? కొల్హాపూర్ గోగటే మాస్టారు వేరేలా చెబుతున్నారే."

ఈ ఇంటి పద్ధతొకటుంది. జవారీ ఆఖరి మెట్టుకు వచ్చాక, సితార్ చేయించుకుంటున్నవాళ్లకు ఫోన్ చేసి తీగ వినిపిస్తారు. వాళ్లు ఇంకా తెరవమంటే తెరుస్తారు, చాలంటే ఆపుతారు. గోగటే మాస్టారు ఈ సితార్ కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నారు. నిన్న సాయంత్రం ఆయనతో అరగంట మాట్లాడాను. మంగళవారం ఉస్తాద్ ఫోన్ నుంచి ఆయనకు మూడుసార్లు కాల్ వచ్చింది. రెండూ యాభైకి, మూడూ ముప్ఫై అయిదుకి, నాలుగూ ఇరవైకి. మొదటి రెండుసార్లు తీగ ఇంకా ముడుచుకునే ఉంది. మూడోసారి విప్పుకుంది. ఆ మూడోసారి మాట్లాడింది ఉస్తాద్ కాదు, యూనుస్. రెండో తీగ ఇంకా బిగుసుకుని ఉంది మాస్టారూ, పది గీట్లు గీసి వినిపిస్తానుండండి అన్నాడట. గీసి వినిపించాడట కూడా.

"గోడతో పోట్లాడేవాడు, ఆకురాళ్లు విసిరేవాడు, గంటన్నరసేపు వెంట్రుకవాసి లెక్కన ఎముక గీస్తాడా?" అని అడిగాను.

"మాస్టారు ముసలాయన. ఆయనకు రోజు గుర్తుండదు."

"ఫోన్ కంపెనీకి ముసలితనం లేదు. కాల్స్ పట్టీ జైబున్ పెట్టుకున్న వకీలు దగ్గరుంది."

పోస్ట్‌మార్టం లెక్కన చావు నాలుగున్నరకూ ఐదుకూ మధ్య. అంటే చావుకు పది నిమిషాల ముందు ఈ గదిలో ఉన్నది మతి తప్పిన మనిషి కాదు, పనిలో మునిగిపోయిన మనిషి. సితార్‌ను తిప్పాను. సొరబుర్ర మెడ దగ్గర, చేసినవాడి పేరు కాగితం అంటించేచోట, జిగురు ఎండిన నలుచదరపు మరక ఉంది. నాలుగు మూలలా కాగితం పీలికలు మిగిలాయి. అంటించిన కాగితాన్ని తడి ఆరకముందే ఎవరో లాగి చింపేశారు.

"దీని మీద ఎవరి పేరు అంటించారు?"

మున్వర్ గుమ్మం వైపు జరిగాడు. దుకాణంలో పనుందని గొణిగి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. గడియారం చూశాను. పదకొండూ ఐదు.

జైబున్ చాయ్ పట్టుకొచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో, పెళ్లి చేసుకోలేదు. తమ్ముడే లోకం. పేరు కాగితం గురించి అడిగితే ఆమె మొహం ఒక్క క్షణం వెలిగి మళ్లీ ఆరిపోయింది.

పాత మాత్ర గొంతులను ఆపింది గానీ యూనుస్ చేతులకు వణుకు తెచ్చిపెట్టింది. పదకొండేళ్లు పప్పు చెంచా నోటిదాకా వెళ్లేసరికి సగం ఒలికేది. ఊరంతా మెచ్చుకున్న పనివాడు రంపపు పొట్టు ఊడ్చే పనికి దిగిపోయాడు. మార్పు మొదలైన రెండు వారాలు నరకం. నిద్ర లేదు, గొంతులు తిరిగి గుసగుసలాడాయి, డాక్టర్ రెండుసార్లు మోతాదు మార్చాడు. జైబున్ ఒక నోటుబుక్కులో పూటపూటకూ రాసుకుంది. పాతది ముప్పావు, కొత్తది పావు, ఎన్ని గంటలు పడుకున్నాడు, ఏం తిన్నాడు, ఎన్నిసార్లు తనలో తను మాట్లాడుకున్నాడు. నాలుగో వారం ఒక పొద్దున ఆమె సూదిలోకి దారం ఎక్కక విసుక్కుంటుంటే యూనుస్ తీసుకుని ఎక్కించి ఇచ్చాడు. ఇద్దరూ కాసేపు సూదినే చూస్తూ ఉండిపోయారట. గుండె అంకె కూడా నాలుగువందల నలభైకి దిగింది.

"పెదనాన్న ఆ రోజే ఆకురాయి వాడి చేతిలో పెట్టారు తాయీ. ఈ సితార్ మీద వాడి పేరే అంటిస్తానన్నారు. మున్వర్ భాయ్ ఆ పూట అన్నం ముట్టలేదు," అంది.

తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ ఆమె మొహం మీదే అన్నారట, మాత్ర మార్పించి ఇంటిని కూల్చావని.

"మార్చకపోతే గుండె ఆగుతుందన్నారు. మారిస్తే మనసు చెదరొచ్చన్నారు. ఏది వదులుకోమంటారు తాయీ? రెండూ వాడివే కదా."

ఇరవై ఆరేళ్లలో ఈ ప్రశ్న ఎంతోమంది నా ముందు వేశారు. ఎవరికీ నేను సరైన జవాబు చెప్పలేదు. జైబున్‌కు మాత్రం నీ తప్పేం లేదని గట్టిగా చెప్పాను. నమ్మినట్టు లేదు.

అప్పుడే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ వాఘ్‌మోడే. మున్వర్ ఫోన్ చేసి ఫిర్యాదు చేసినట్టున్నాడు. ఈ కేసు కట్టింది ఇతనే. నేనంటే పడదు, నాకూ అతనంటే పడదు.

"ఏం సిస్టర్, శవానికి జ్వరం చూడ్డానికొచ్చారా? థర్మామీటర్ తెచ్చుకున్నారా?"

"మీ కేసుకి చూద్దామని తెచ్చా. చల్లబడిపోయింది."

గుడ్లురిమాడు. జవారీ సంగతి, మూడు కాల్స్ సంగతి, చింపిన కాగితం సంగతి వరసగా చెప్పాను. సగం విని చెయ్యి ఊపేశాడు. పిచ్చివాడు పది నిమిషాల క్రితం బాగుండి పదకొండో నిమిషంలో తిరగబడితే ఎవరు చూడొచ్చారన్నాడు. పదకొండేళ్లు ఈగనైనా కొట్టనివాడు ఆరు వారాల్లో మనిషిని కొట్టాడంటే కారణం ఆ కొత్త మాత్ర కాక మరేమిటన్నాడు. అందుకే ఆ మాత్రలన్నీ స్వాధీనం చేసుకుని, సంచీలో పెట్టి, లక్క ముద్ర వేయించి సాక్ష్యంగా కోర్టులో జమ చేశానని గొప్పగా చెప్పాడు.

"మందులు కోర్టులో ఉంటే, మనిషి ఏం వేసుకుంటున్నాడు?" అని అడిగాను.

"మేమేం రాక్షసులం కాదు సిస్టర్. మూడో రోజు నుంచీ జైల్లో మాత్రలు ఇప్పిస్తున్నాను. వాణ్ణి పదకొండేళ్లు బాగా ఉంచిన మాత్ర. పాతది."

జైబున్ గోడ పట్టుకుంది. 

"మోతాదు ఎంత?"

"చీటీలో ఎంతుంటే అంత."

"ఏ చీటీ? ఎవరిచ్చారు?"

"మున్వర్. నిరుటి చీటీ వెతికి తెచ్చాడు. తండ్రిని చంపినవాడికి మందు అందాలని రెండు రోజులు నా టేబుల్ చుట్టూ తిరిగాడు. అలాంటి మనిషి దొరుకుతాడా?"

"గంట క్రితం ఆ మనిషే నాతో అన్నాడు. ఈ మాత్ర మానకపోతే యూనుస్ నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోతాడని డాక్టర్ చెబుతుంటే విన్నది తనేనని. వాఘ్‌మోడే, ఆ చీటీ మందు కోసం ఇవ్వలేదు."

అతనికి నేను వివరించనక్కర్లేకపోయింది. నాతో ఎన్ని గొడవలున్నా మూర్ఖుడు కాదు. మొహంలో రంగు దిగిపోయింది. వెంటనే జైలుకు ఫోన్ కలిపాడు, ఎవరూ ఎత్తలేదు. పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి మున్వర్‌ను దుకాణం నుంచి కదలనివ్వొద్దన్నాడు. జైబున్ అప్పటికే జీపు ఎక్కి కూర్చుంది, ఒక కాలికి చెప్పు లేదు. దారిలో నేను గుండె ఆస్పత్రికి ఫోన్ చేసి అంబులెన్సును జైలుకు రమ్మన్నాను. అరగంట పడుతుందన్నారు.

పన్నెండూ పదికి జైలు చేరాం. జైబున్‌కు లోపలికి అనుమతి లేదని గేటు దగ్గరే ఆపేశారు. మందుల గది చూసుకునే సుతార్ అనే నడివయసు మనిషి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"యూనుసా? మూడ్రోజులుగా విరేచనాలు మేడమ్. పొద్దున రెండుసార్లు పడిపోయాడు. తనే లేచాడు. నాటకమేమో అనుకున్నాం."

"ఈరోజు మాత్ర ఇచ్చారా?"

"ఎనిమిదింటికి."

విరేచనాలతో ఒంట్లో ఉప్పులన్నీ పోయాయి, దాని మీద పూర్తి మోతాదు. ఉప్పులు తగ్గితే గుండె అంకె ఇంకా సాగుతుంది. మంచం మీద యూనుస్ కళ్లు తెరిచి పైకప్పును చూస్తున్నాడు. చేతులు రెండూ దుప్పటి మీద వణుకుతున్నాయి. ఈసీజీ పెట్టె ఒక మూల దుమ్ము కొట్టుకుని ఉంది. వైర్లు నేనే తగిలించాను. కాగితం బయటికొచ్చింది. కళ్లతో కొలిచాను, నమ్మలేక స్కేలు పెట్టి కొలిచాను. ఐదువందల డెబ్భై.

"మెగ్నీషియం ఇంజెక్షన్ ఉందా?"

గుండెను గాడిలో పెట్టే ఆ మందు స్టోరులో ఉందిట, తాళం డాక్టర్ గదిలో ఉందిట. సుతార్ పరిగెత్తాడు. గుండెకు షాకిచ్చే యంత్రం ఉందా అని అడగాలనిపించింది గానీ, ఆ గదిని చూశాక అడగలేదు. పెట్టె ఆపకుండా నడవనిచ్చాను. కాగితం నేల మీదికి జారుతూ ఉంది.

"అక్క వచ్చిందా?" అన్నాడు యూనుస్. ఎనిమిది రోజుల తర్వాత అతని నోట వచ్చిన మొదటి మాట అది. నాలుక మొద్దుబారి ముద్దగా వచ్చింది.

గేటు దగ్గరుందని చెప్పాను. మీరెవరని అడిగితే మీ అక్క పంపిన మనిషినన్నాను.

"అయితే ఒకటి అడుగుతా తాయీ. ఉంటే ఉందనండి, లేకపోతే లేదనండి. మాత్ర మార్చేటప్పుడు డాక్టర్ చెప్పాడు, మధ్యలో లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, అనుమానమొస్తే ఇంట్లోవాళ్లని అడుగు, వాళ్లేమంటే అదే నమ్ము అని. నేను అలాగే అడిగేవాణ్ణి. అక్కా, కిటికీలో మనిషి ఉన్నాడా అంటే లేడనేది. నేను ఊరుకునేవాణ్ణి."

వాఘ్‌మోడే మంచం దగ్గరకు జరిగాడు. నేను చేత్తో ఆగమన్నాను.

"మంగళవారం పెదనాన్న నా పేరు కాగితం అంటించారు. మున్వర్ భాయ్ వచ్చాడు. కాగితం చింపాడు. పెదనాన్న తిట్టి అటు తిరిగారు. భాయ్ సుత్తి తీశాడు. నేను చూశా. చూసి, భాయ్, ఇది ఉందా అని అడిగా."

"ఎవర్ని అడిగావు?"

"మున్వర్ భాయ్‌నే. అక్క బయటికెళ్లింది, ఇంట్లో ఇంకెవరున్నారు అడగడానికి?"

"ఏమన్నాడు?"

"లేదన్నాడు. నేను ఇక్కడ లేను, స్టేషన్‌లో ఉన్నా, కొట్టింది నువ్వే అన్నాడు. అందుకే ఎవరికీ ఏం చెప్పలేదు. లేనిది ఎలా చెప్పను?" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "భాయ్ పాత మాత్ర పంపించాడు, ఇది వేసుకుంటే అట్లా కనిపించడం పోతుందని చెప్పమన్నాడట. వేసుకుంటున్నా. పోవట్లేదు తాయీ. రోజూ అదే కనిపిస్తోంది. అది ఉందా?"

 ఇరవై ఆరేళ్లు ఎన్ని చావులు చూశానో, ఎవరి ముందూ ఏడవలేదు. కళ్లు తుడుచుకున్నాను.

"ఉంది యూనుస్. నువ్వు చూసింది ఉంది."

అతను నన్ను దాటి వాఘ్‌మోడే వైపు చూశాడు, ఇంకొకరి నోట వినాలన్నట్టు. వాఘ్‌మోడే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఉంది," అన్నాడు.

యూనుస్ మొహం మీద ముడతలు విడిపోయాయి. ఏదో అనబోయాడు. కాగితం మీద గీత పురి పెట్టిన తాడులా మెలికలు తిరిగింది. అతని కళ్లు పైకి వెళ్లిపోయాయి. బయట వరండాలో సుతార్ పరిగెత్తి వస్తున్న చప్పుడు ఇంకా దూరంగానే ఉంది.

మంచం మీదికి ఎక్కి రెండు అరచేతులూ అతని ఛాతీ మీద ఆనించాను.

"విన్నావా వాఘ్‌మోడే? మొత్తం విన్నావా?"

"విన్నాను."

"వీడు లేవకపోతే కోర్టులో ఇది చెప్పాల్సింది నువ్వే. అక్షరం పొల్లుపోకూడదు."

అతను తల ఊపాడు. జేబులోంచి పుస్తకం తీసి, అక్కడే నేల మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. నేను నొక్కుతూ పైకే లెక్కపెట్టాను. ముప్ఫై దాకా వచ్చి, నోట్లోకి రెండుసార్లు ఊపిరి ఊది, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.